వికలాంగ పింఛను పరీక్షకు ఇంటికి వస్తున్నారా? ఇలా సిద్ధపడండి

ముందురోజు సాయంత్రం మా వార్డు సచివాలయం నుంచి ఫోను వచ్చింది. "రేపు డాక్టర్లు వస్తున్నారమ్మా, నాన్నగారిని సిద్ధంగా ఉంచండి" అన్నారు. సిద్ధంగా అంటే మా అమ్మకు అర్థమైంది ఒక్కటే, ఇంటికి పెద్దవాళ్లు వస్తున్నారని. తెల్లవారుజామునే లేచి ఇల్లు కడిగింది. నాన్నగారికి గడ్డం గీయించి ఇస్త్రీ చొక్కా తొడిగింది. యూరిన్ డబ్బా, డైపర్ల కట్ట అటకెక్కించింది. గాలి పరుపు మోటారు చప్పుడు చేస్తుందని ఆపేసింది. డాక్టరు గారు వచ్చి "ఎలా ఉన్నారు పెద్దాయనా?" అని అడిగితే, పక్షవాతంతో కుడివైపంతా పడిపోయిన మా నాన్నగారు "దేవుడి దయవల్ల బాగానే ఉన్నానండి" అన్నారు. పది నిమిషాల్లో పరీక్ష అయిపోయింది. కొన్ని నెలల తర్వాత నోటీసు వచ్చింది. పదిహేను వేల పింఛను ఆరు వేలకు తగ్గింది.

మేం అబద్ధమేమీ చెప్పలేదు. కాని ఆయన రోజు ఎలా గడుస్తుందో ఆ గదిలో ఎక్కడా కనబడలేదు. అప్పీలు చేసుకున్నాం, రెండోసారి పరీక్షకు వెళ్లాం, అప్పుడు నిర్ణయం మారింది. ఆ రెండింటి మధ్య నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో మంచాన ఉన్నవారికో, వీల్‌చైర్‌లో ఉన్నవారికో పరీక్ష దగ్గర పడుతుంటే ఇవాళే మొదలుపెట్టండి.

ముందు, ఏ పరీక్షో తెలుసుకోండి

ఫోను చేసినవారినే అడగండి. ఇది పింఛను తనిఖీయా, కొత్త సదరం ధ్రువపత్రం (వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ వైద్యులు రాసిచ్చేది) కోసమా? ఇంటికి వస్తున్నారా, ఆసుపత్రికి రమ్మంటున్నారా? రెండూ ఒకటే అనుకుని చాలామంది కాగితాల దగ్గర తడబడతారు.

2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగ పింఛను నెలకు ₹6,000. దీనికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి, కండరాల క్షీణత తీవ్రంగా ఉన్నవారికి, ప్రమాదాల్లో దెబ్బతిని అదే స్థితిలో ఉన్నవారికి ₹15,000. ఈ రెండో వర్గంవారి ఇళ్లకు 2025 జనవరి నుంచి వైద్య బృందాలు రావడం మొదలైంది. చూపు, వినికిడి లోపాలకు యంత్రాలు కావాలి కాబట్టి ఆ పరీక్షలు ఆసుపత్రిలోనే జరుగుతాయి.

ఆరు వేలకు శాతం ముఖ్యం. పదిహేను వేలకు మనిషి నిజంగా మంచానికో కుర్చీకో పరిమితమయ్యారా అన్నది ముఖ్యం. అందుకే 80 శాతం రాసిన పాత ధ్రువపత్రం చేతిలో ఉందని నిశ్చింతగా కూర్చోవద్దు. వచ్చినవారు కాగితంతో పాటు మనిషినీ చూస్తారు.

శాతం గురించి ఇంకొక మాట. చేతికి 40, కాలికి 30 ఉంటే మొత్తం 70 వస్తుందని మేమూ అనుకున్నాం. లెక్క అలా ఉండదు. ఎక్కువగా ఉన్న 40ని అలాగే ఉంచుతారు. 90లో అది పోగా మిగిలేది 50. రెండో శాతమైన 30ని ఆ 50తో హెచ్చించి 90తో భాగిస్తే సుమారు 17 వస్తుంది. మొత్తం 57. తక్కువ వేశారని డాక్టరుతో వాదనకు దిగేముందు ఈ లెక్క ఒకసారి వేసి చూసుకోండి.

కాగితాలు

విశాఖలో కాగితాలకు మొదటి శత్రువు గాలిలోని తేమ. వానాకాలం దాటేసరికి స్కాన్ ఫిల్ములు ఒకదానికొకటి అంటుకుపోతాయి, ఓపీ చీటీల మీద సిరా చెదిరిపోతుంది. అన్నిటినీ బయటికి తీసి ఆరబెట్టండి. ఫోనులో ఫొటోలు తీసుకోండి, జిరాక్సులు రెండేసి తీయించండి. చీటీలను తేదీల వరుసలో పెట్టండి, అన్నిటికంటే పాతది పైకి రావాలి. జబ్బు ఎప్పుడు మొదలైందో, ఎలా ముదిరిందో చూసేవారికి ఒక్క నిమిషంలో తెలియాలి.

ఆధార్, రేషన్ కార్డు, సదరం ధ్రువపత్రం, పింఛను వివరాలు, యూడీఐడీ కార్డు (వికలాంగులకు కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉంటే అది ఒక కవరులో పెట్టండి. డిశ్చార్జి సమ్మరీలు, స్కాన్ రిపోర్టులు, ఫిజియోథెరపీ చీటీలు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ మరో కవరులో. అసలు కాగితాలు చూపించండి, ఇచ్చేటప్పుడు మాత్రం జిరాక్సులే ఇవ్వండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం అన్నిటిలో ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. నాన్నగారి పేరు ఆధార్‌లో ఒకలా, ఆసుపత్రి చీటీలో ఇంకొకలా ఉంది. అది సరిచేయించడానికే మాకు మూడు వారాలు పట్టింది.

మానసిక అనారోగ్యం ఉన్నవారి విషయంలో మొదటి చీటీ బంగారం లాంటిది. ఆ వైకల్యాన్ని అంచనా వేసే పద్ధతిలో తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడడం, పని చేయగలగడం అనే నాలుగింటినీ చూస్తారు. జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నదానికీ అందులో లెక్క ఉంది. చినవాల్తేరు మానసిక వైద్యశాలలో పదేళ్ల కిందట రాసిన చీటీ మీ దగ్గరుంటే దాన్ని ఎక్కడా పోగొట్టకండి. పరీక్ష రోజున మనిషి నెమ్మదిగా, చక్కగా మాట్లాడుతూ ఉండవచ్చు. అంతకుముందు నెలలు ఎలా గడిచాయో చెప్పవలసింది మీరే.

ఒక వారం రోజులు రాయండి

ఇక్కడ చెప్పినవాటిలో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. ఒక నోటు పుస్తకం తీసుకుని వారం రోజుల పాటు, ఉదయం లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఏ పనికి ఎంత సాయం కావలసి వచ్చిందో రాయండి. పెద్ద వాక్యాలు అక్కర్లేదు. మా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది:

"5.40. పక్క తడిసింది. దుప్పటి మార్చడానికి అమ్మ, నేను ఇద్దరం పట్టాం. 7.15. తడిగుడ్డతో ఒళ్లు తుడిచాం. వీపు కింద ఎర్రబడింది. 8.30. ఇడ్లీ మెత్తగా చిదిమి పెట్టాను. రెండుసార్లు పొలమారింది. తినడానికి నలభై నిమిషాలు. 11.00. కుర్చీలోకి మార్చాం. పది నిమిషాలకే ఒకవైపు ఒరిగిపోయారు, దిండు పెట్టాం. రాత్రి 2.10. కాలు పట్టేసి కేక వేశారు. 3.30. మళ్లీ పక్క మార్చాను."

రాసేదాకా మాకే తెలియలేదు, రాత్రి పూట రోజూ మూడుసార్లు లేస్తున్నామని. ఏళ్ల తరబడి చేసిన పని అలవాటై కంటికి ఆనదు. అడిగినప్పుడు నోటికీ రాదు. "ఆయనకు ఏమేం చేస్తారు?" అని డాక్టరు అడిగితే అమ్మ మొదటిసారి "ఏముందండీ, మామూలే" అంది. ఆ మామూలులో ఏముందో పుస్తకం చెబుతుంది.

బాగా గడిచిన రోజులూ రాయండి. కుర్చీలో అరగంట కూర్చున్నారా? రాయండి. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకున్నారా? రాయండి. వారంలో రెండు రోజులు బాగుండి అయిదు రోజులు బాగుండకపోతే, ఆ మాటే నిజం, ఆ మాటే బలం.

చేయగలరా అని అడిగినప్పుడు

పరీక్షలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. "నడుస్తారా?" అని అడుగుతారు. "నడుస్తారండీ" అంటాం. అది మాట వరసకు వచ్చే జవాబు. నడవడమంటే ఇటు ఒకరు, అటు ఒకరు చంకల కింద చేతులు వేసి నిలబెడితే కాలు ఈడుస్తూ ఆరు అడుగులు వేయడం, ఆ తర్వాత అరగంట ఆయాసపడడం. ఆ మొత్తం జవాబు చెప్పండి.

ప్రతి పనికీ ఈ నాలుగూ ఆలోచించి పెట్టుకోండి. ఒక్కరే చేసుకుంటారా, ఎవరైనా పట్టుకోవాలా? ఎంతసేపు పడుతుంది? రోజూ చేయగలరా, ఎప్పుడో ఒకనాడా? చేశాక ఏమవుతుంది, నొప్పా, ఆయాసమా, పడిపోతారా? స్నానం, బట్టలు, తిండి, మరుగుదొడ్డి, మంచం మీద పక్కకు తిరగడం, మంచం నుంచి కుర్చీకి మారడం, మూత్రం మలం పట్టు. ముందు రోజు రాత్రి ఇంట్లో ఒకరు అడుగుతూ, ఒకరు చెబుతూ చూసుకోండి. గట్టిగా, స్పష్టంగా చెప్పడం అలవాటవుతుంది.

అలాగని లేనిది చెప్పవద్దు. పక్కింటివారు ఎవరో "కాలు అసలు కదపవద్దని చెప్పండి" అని సలహా ఇస్తారు. వినకండి. వాడని కాలికీ వాడే కాలికీ తేడా వైద్యులకు కంటితోనే తెలుస్తుంది. పిక్క కండ చిక్కిపోవడం, కీళ్లు బిగుసుకోవడం, అరికాలి చర్మం మెత్తబడడం నటిస్తే వచ్చేవి కావు. ఒక్క చోట అబద్ధం దొరికితే మిగతా నిజాన్నీ నమ్మరు. పైగా మోసంతో వికలాంగుల ప్రయోజనాలు పొందితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద రెండేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మందులు ఆపి మనిషిని నీరసంగా చూపించాలన్న ఆలోచన అంతకంటే ప్రమాదం. బీపీ మాత్ర, ఫిట్స్ మాత్ర, ఇన్సులిన్ ఒక్క పూట కూడా తప్పించవద్దు.

మనిషిని సిద్ధం చేయడం

ఇది కాగితాల కంటే కష్టం. నలభై ఏళ్లు కుటుంబాన్ని మోసిన మనిషి పరాయివారి ముందు "నాకు మూత్రం ఆగదు" అని చెప్పలేరు. చెప్పమని బలవంతం చేయనూ కూడదు. రెండోసారి వెళ్లేముందు రోజు నేను నాన్నగారి పక్కన కూర్చున్నాను. "నాన్నా, రేపు డాక్టరు గారు అడిగినవాటికి నేను చెబుతాను. మీరు కాదనకండి, అంతే చాలు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పరాయివాళ్ల ముందు అవన్నీ ఎందుకమ్మా" అన్నారు. "పరాయివాళ్లు కారు నాన్నా, వైద్యులు" అన్నాను. ఎడమ చెయ్యి నా చేతి మీద వేశారు. మీ ఇంట్లోనూ ఈ మాట ముందే జరగాలి. డాక్టర్ల ఎదుట మొదటిసారి ఇవన్నీ బయటపెడితే ఆయనకు అది అవమానం, మీకు జీవితాంతం బాధ.

పడకపుండ్లు, మూత్రం పైపు, డైపరు చూపించవలసి వస్తే, అవసరం లేనివారిని గదిలోంచి పంపించమని అడగండి. చూడడానికి వచ్చిన ఇరుగుపొరుగును ముందే పంపేయండి. ఆడవారి విషయంలో మహిళా సిబ్బంది ఉండాలని సచివాలయానికి ముందే చెప్పి ఉంచండి. పుండ్లను తేదీ పడేలా ఫొటోలు తీసి ఉంచితే, మానిపోయినవాటిని గురించి చెప్పడానికి పనికొస్తాయి. ఆ ఫొటోలు మీ ఫోను దాటనివ్వకండి. ఏ వాట్సాప్ బృందంలోనూ పెట్టకండి.

ఆ ఉదయం, ఆ గది

రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంచండి. శుభ్రత వేరు, దాచిపెట్టడం వేరు. ఒళ్లు తుడవండి, ఉతికిన బట్టలు వేయండి. కాని మంచం పక్కన ఉండే బెడ్‌పాన్ అక్కడే ఉండాలి. గాలి పరుపు మోటారు ఆడుతూనే ఉండాలి. మందుల డబ్బా, చెంబు, మెడ కింద పెట్టే దిండు, కాలికి వేసే క్యాలిపర్ ఎక్కడివి అక్కడే. రోజూ మంచంలో ఉండే మనిషిని మర్యాద కోసం ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టకండి. కుర్చీలోకి ఎలా మారతారో చూడాలంటే వారే అడుగుతారు. అప్పుడు రోజూ ఎంతమంది పడతారో అంతమందే పట్టండి. చొక్కాకు బదులు సులువుగా తీయగలిగే బట్ట వేస్తే పరీక్ష త్వరగా అవుతుంది, మనిషికి శ్రమ తగ్గుతుంది.

మన ఊళ్లో కొండవాలు ఇళ్లవారికి ఇంకో సంగతి. ఆరిలోవ, కైలాసపురం, తాటిచెట్లపాలెం వైపు కొండమీద ఉండేవారికి ఈ కష్టం తెలుసు. మా ఇంటికి రోడ్డు నుంచి అరవై రెండు మెట్లు. బృందం ఒకే రోజు ఎన్నో ఇళ్లు తిరగాలి. గుర్తులు సరిగా చెప్పకపోతే ఇల్లు దొరకలేదని వెనుదిరిగే ప్రమాదం ఉంది. ఇంట్లో ఒకరిని కింద రోడ్డు మీద నిలబెట్టండి, ఫోను చేతిలో ఉంచుకోమనండి. మెట్లు ఎన్ని ఉన్నా వైకల్య శాతం పెరగదు, శాతం శరీరానిదే. అయినా గత ఏడాదిలో ఎన్నిసార్లు కిందికి దిగారు, ఎలా దించారు అన్నది చెప్పండి. మా నాన్నగారు ఏడాదిలో మూడుసార్లు దిగారు, మూడుసార్లూ ఆసుపత్రికే, నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా మోసి దించారు. ఒక మనిషి కదలిక ఎంతో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.

మాట్లాడేది ఒక్కరే ఉండాలి, రోజూ దగ్గరుండి చూసుకునేవారు. మా ఇంట్లో మొదటిసారి బాబాయి మాట్లాడారు. ప్రేమతోనే మాట్లాడారు, కాని ఆయన నెలకోసారి వచ్చిపోయే మనిషి. పక్క మార్చే అమ్మ మాత్రం తలుపు చాటున నిలబడింది. పుస్తకం మీ చేతిలో ఉంచుకుని, అడిగినదానికి అందులోంచి చెప్పండి. డాక్టరు తొందరలో ఉంటే, "ఒక్క నిమిషం డాక్టరు గారూ, రాత్రి పూట సంగతి కూడా వినండి" అని మర్యాదగా ఆపండి. వెళ్లేముందు ఏం నమోదు చేశారో అడగండి. పరీక్షించిన తేదీ, వచ్చినవారి హోదాలు, ఏమేం చూశారు, ఏం చూడలేదు, ఎంతసేపు ఉన్నారు అన్నవి అదే పుస్తకంలో రాసుకోండి. ఇది తర్వాత అక్కరకు వస్తుంది.

ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దు. శాతం వేయిస్తామనే మధ్యవర్తులను గుమ్మంలోకే రానివ్వకండి.

ఆ రోజు మనిషి ఆసుపత్రిలో చేరి ఉంటే తాళం వేసి ఊరుకోకండి. చేరినట్టు ఉన్న చీటీ ఫొటోతో వార్డు సచివాలయంలో సంక్షేమ కార్యదర్శికి అదే రోజు తెలియజేయండి.

ఆసుపత్రికి రమ్మంటే

సదరం స్లాటు సచివాలయంలోనో మీసేవలోనో తీసుకుంటారు. ఏ ఆసుపత్రి, ఏ విభాగం, ఎన్ని గంటలకు అన్నది ఆ చీటీలో చూసుకోండి. కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి) అయితే ఆవరణే ఎత్తుపల్లాల మీద ఉంటుంది. మీరు వెళ్లవలసిన విభాగం పైన ఉందో, డౌన్‌లో ఉందో ముందురోజే ఒకరు వెళ్లి చూసి వస్తే, ఆటో సరైన గేటు దగ్గర ఆపుకోవచ్చు. రెండు డైపర్లు, ఒక దుప్పటి, తాగునీళ్లు, పొలమారకుండా తినగలిగే తిండి, మధ్యాహ్నం మందులు వెంట ఉండాలి. బయలుదేరే ముందు మనిషి ఎలా ఉన్నారో, ఆసుపత్రికి చేరేసరికి ఎలా అయ్యారో కూడా డాక్టరుకు చెప్పండి.

ఫలితం వచ్చాక

నోటీసు చేతికి రాగానే తేదీ చూడండి. అప్పీలుకు గడువు ఉంటుంది, అది దాటనివ్వకండి. 2025 ఆగస్టులో నోటీసులు వచ్చినప్పుడు చాలామంది భయపడి, "ప్రభుత్వం తీసేసింది, ఇక ఏం చేస్తాం" అని ఊరుకున్నారు. ఊరుకోవద్దు. ధ్రువీకరించిన అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు ఆ 2016 చట్టంలోనే, 59వ సెక్షన్‌లో ఉంది. పట్టణాల్లో పింఛను అప్పీలు మున్సిపల్ కమిషనర్ పేరున ఉండాలి. కాగితం తీసుకునేది మీ వార్డు సచివాలయమే. అర్జీ ఒక పేజీ మించనవసరం లేదు. పరీక్షలో ఏం చూడలేదో, దానికి మీ దగ్గరున్న ఆధారం ఏమిటో రాయండి. పుస్తకంలోని వారం పేజీల జిరాక్సు, ఇటీవలి చీటీలు జత చేయండి. ఇచ్చినట్టు ముద్ర, తేదీ వేసిన రసీదు తీసుకోకుండా ఆ బల్ల దగ్గరి నుంచి కదలకండి. కదలిక లేకపోతే సోమవారం మహారాణిపేట కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే రసీదు జిరాక్సుతో అర్జీ పెట్టండి. మంచాన ఉన్న మనిషిని అక్కడికి మోసుకెళ్లనవసరం లేదు, మీరు వెళితే చాలు.

అనుకూలంగా వచ్చినా ధ్రువపత్రాన్ని చివరిదాకా చదవండి. శాశ్వతమా, తాత్కాలికమా అన్నది అందులో ఉంటుంది. తాత్కాలికమైతే గడువు తేదీని గోడ క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, దానికి మూడు నెలల ముందే కొత్త స్లాటు కోసం సచివాలయానికి వెళ్లండి.